ఏడో సందులో మా వంతు

నమోదు 1

గాలి మామూలు. శబ్దం మామూలు. మూడో బావి ఫ్యాన్లు నా అవసరం లేకుండానే తిరుగుతున్నాయి.

ఈ చివరి వాక్యం డ్యూటీ చిట్టాలో రాసే వీలు లేదు కాబట్టి ఇంట్లో రాసుకుంటున్నాను. పెళ్లికి ముందు నుంచీ నా పని ఇదే. పైనుంచి బావి గుండా నేల కిందున్న మన ఊళ్లోకి గాలి దింపే ఫ్యాన్ల పక్కన కూర్చుని వాటి చప్పుడు వినాలి. ఏది అరిగిందో, ఏది మొరాయించబోతోందో ముందుగా కనిపెట్టి రాయాలి. కొత్తగా దించిన ఫ్యాన్లు తమ చప్పుడు తామే వింటాయట. నాకొక శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేశారు. చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు. సందు దీపాలు తగ్గగానే ఏదో ఒకటి రాయమని పీకుతుంది.

సందులో వాళ్లకు నాకు ప్రమోషన్ వచ్చిందని చెప్పాను. ఇకమీదట ఇంట్లో కూర్చునే ఫ్యాన్లు వినమన్నారని చెప్పాను. అందుకని రోజూ జావ తాగి, ఫ్యాన్లు వినే పాత చెవిబిళ్ల పెట్టుకుని గడపలో కూర్చుంటున్నాను. అందులో ఏమీ వినపడదు. ఇవాళ ఎదురింటి సుబ్బనరసమ్మ అవ్వ వడపోత గుడ్డలు ఉతకడానికి పోతూ ఫ్యాన్లు ఎట్లున్నాయని అడిగింది. ఒకటి కాస్త గురక పెడుతోందని చెప్పాను. పాపం, దానికి నూనె వెయ్యమను నాయనా అంటూ వెళ్లింది. అబద్ధం ఇంత సులువుగా వస్తుందని నాకే తెలియదు. ఆమె సందు మలుపు తిరిగాక చెవులు వేడెక్కాయి.

నమోదు 2

గాలి బాగుంది.

శేషమణికి పై కాలేజీలో సీటు వచ్చింది. నేల చదువు. ఎండకు మాడి చచ్చిపోయిన పై నేలను మళ్లీ పంటకు తెచ్చే చదువు. మా తాతల కాలంలో జనం కిందికి దిగారు. మా సందులో పుట్టి తిరిగి పైకెక్కి చదివే మొదటి మనిషి నా కూతురు అవుతుంది. వాళ్లమ్మ నాగరత్న దాని తల నిమిరి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఫీజు సాయం సంగతి గోడ చెప్పింది. ప్రతి ఇంట్లోనూ గోడలో ఒక గొంతు ఉంటుంది, ఊరి కబుర్లన్నీ అదే చెబుతుంది. తండ్రి ఫ్యాన్ల పెద్ద, స్తోమత గల ఇల్లు, కాబట్టి సాయం లేదు అంది. పోయిన ఏటి జీతం చూసి తీసిన లెక్క అది. నా శాలువా సంగతి దానికింకా తెలియదు. కాలేజీ లిఫ్టు పైకి పోయే రోజులోపు ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి ఇస్తారు. మా దగ్గర ఉన్నదంతా ఊడ్చి పెట్టినా ఆ ఫీజులో ఓ మూలకు రాదు.

"అప్పీలు ఉండాది నాయనా," అంది శేషమణి. "ఇంటి పరిస్థితి మారితే చెప్పుకోవచ్చంట. లెక్క మళ్లా తీస్తారంట."

చూద్దాంలే అన్నాను. అప్పీలు పెడితే ఇరుగుపొరుగులో ముగ్గుర్ని అడుగుతారు. ముగ్గుర్ని అడిగితే సందంతా అడిగినట్టే. ఆ మాట కూతురితో అనలేక గురక పెట్టే ఫ్యాన్ గురించి ఏదో మాట్లాడాను.

నమోదు 4

ఫ్యాన్లు కడిగే రోజు. మా వంతు.

ఎప్పుడైనా పైవాళ్లు ఇది చదివితే అర్థం కావడానికి రాస్తున్నాను. వారానికొకసారి ఫ్యాన్లు ఆపి కడుగుతారు. ఆ రోజు ఇంటింటా పొయ్యి వెలిగిస్తే పొగకు ఊపిరాడదు. అందుకని సందుకు ఒక్క పొయ్యే వెలగాలి. ఎవరి వంతైతే వాళ్ల ఇంట్లో వండి, సందులో చాపలు పరిచి, ఆరిళ్ల వాళ్లకూ వడ్డిస్తారు. చట్టం పొగ కోసం పెట్టారు కానీ, ఎవరి వంతుకు ఏం వడ్డించారన్నది మళ్లీ వంతు దాకా అందరికీ గుర్తుంటుంది.

నేను పాయసం పెట్టించాను. నిజం బెల్లం, పైనుంచి దిగిన పాలు. దానికోసం మా ఇంటి వెలుతురు గంటలు అమ్మేశాను. కూర మళ్ల మీద వెలిగే ఎండ దీపానికి ఇంటికిన్ని గంటలని ఇస్తారు. అవి అమ్మడంతో నాగరత్న పెంచుకున్న తోటకూర పాలిపోయి వాలిపోయింది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

అయితేనేం, సందు సందంతా మెచ్చుకుంది. అవ్వ గిన్నె అడుగు దాకా వేలితో తీసుకుంది. పక్కింటి రాయుడు నా భుజం తట్టి, ప్రమోషన్ అంటే ఇట్లుండాల అన్నాడు. రాయుడు అవ్వ కొడుకు. పూర్తి పేరు చెంగల్రాయుడు, నీళ్ల పంపుల దగ్గర పని. పెళ్లయ్యాక వేరుపడి మా పక్కిల్లు తీసుకున్నాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది గానీ, నిద్రపోయిన మాట నిజం.

నమోదు 5

ఫ్యాన్లు కడిగే రోజు. రాయుడి వంతు.

వాళ్లు పూర్ణం పెట్టి ఓళిగలు చేశారు. మామూలుగా రాయుడింట్లో అలసందల కూర, సంగటి. ఈసారి నెయ్యి కారే ఓళిగలు. మా పాయసానికి జవాబు ఇచ్చారన్నమాట అనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. వడ్డిస్తున్నప్పుడు రాయుడి భార్య చేతులకు గాజులు లేవని నాగరత్న నా చెవిలో అంది. పిండి పిసకడానికి తీసి ఉంటుందిలే అన్నాను.

రాయుడి కూతురు యామిని మా శేషమణితో కలిసి చదివింది. దానికీ పై కాలేజీలో సీటు వచ్చింది కానీ పోవడం లేదట. ఎండంటే భయమట. ఇంత మొద్దు పిల్లవేమే, మా మణి కొంగు పట్టుకుని పో అని ఆట పట్టించాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు.

నమోదు 7

గాలి సంగతి నాకు తెలియదు. బయటికి పోలేదు.

నేను నాన్చుతుంటే శేషమణి తానే అప్పీలు పెట్టిందట. అప్పీలు గడువుకు ఒక రోజు ముందు. నాతో చెప్పలేదు. ఇవాళ జవాబు వచ్చాక చెప్పింది. అప్పీలు కొట్టేశారు. ఇరుగుపొరుగు ముగ్గురూ ఆ ఇంటి పరిస్థితి బాగుందని చెప్పారట. కావాలంటే వినమని వాళ్ల మాటలు కూడా గోడ వినిపించింది.

ముందు అవ్వ గొంతు. "బంగారట్లాంటి ఇల్లు నాయనా. పిల్ల నోట్లో నాలిక లేనిది. వంటా వార్పూ అన్నీ వచ్చు. తండ్రికి పెద్ద ఉద్యోగం. కండ్లు మూసుకోని చేసుకోవచ్చు."

తర్వాత రాయుడు. "వాళ్లకేం తక్కువ సార్. మొన్న పాయసం పెట్టినారు, ఏడో సందులో అట్లాంటి పాయసం ఎవరూ పెట్టలేదు."

మూడో ఆయన మూల ఇంటి వెంకటసుబ్బయ్య. మాకు నాలుగు బావుల్లో చుట్టాలున్నారని, ఎవరికీ తలవంచిన వంశం కాదని చెప్పాడు. ఆ చుట్టాలెవరో నాకే తెలియదు.

ఎందుకో చెప్పకుండా గోడ మా ఇంటి గురించి అడగ్గానే ముగ్గురూ పెళ్లి సంబంధం వాళ్లు విచారిస్తున్నారనుకున్నారు. ఎవరైనా పక్కింటి పిల్ల గురించి అడిగితే మన వాళ్లు ఏం చెబుతారు? నాలుగు ఉంటే ఎనిమిది చెబుతారు. అది మంచితనం. నేనైనా అదే చేసేవాణ్ని. శేషమణి ముందు పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే ఏడుపులోకి దిగింది. నాగరత్న దాన్ని దగ్గరికి తీసుకుని నా వైపు చూసింది. నేను చెవిబిళ్ల సర్దుకుంటున్నాను. ఇంట్లో వాళ్ల ముందు కూడా అది తీయడం మర్చిపోయే స్థితికి వచ్చాను.

నమోదు 8

అవ్వ దగ్గరికి వెళ్లాను. గడప దాకా వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చాను. ఆమె చూసి పిలిచింది.

ఉద్యోగం పోయిందని చెప్పాను. చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడలేక గోడకు ఊరిన ఉప్పు గోకుతూ చెప్పాను. పాయసం దేంతో వచ్చిందో చెప్పాను. ఇంకోసారి ఎవరైనా అడిగితే మాకేమీ లేదని చెప్పమని అడిగాను. పక్కవాళ్ల దగ్గరికి పోయి మమ్మల్ని పేదవాళ్లని చెప్పండి అని బతిమాలుకునే రోజు వస్తుందని ఎవరనుకుంటారు?

అవ్వ నన్ను గడపలో కూర్చోబెట్టింది. తర్వాత అంది: "ఉద్యోగం పోయిందని బాధపడతాలే నాయనా. కానీ నీ ఇంట్లో తిని, నీ ఇంట్లో లేదని నా నోటితో అనమంటే అన్లేను. అది నాతో కాదు."

నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో మా అమ్మ ఉన్నా అదే అనేది. తిరిగొస్తుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాయుడు ఎదురుపడి ఫ్యాన్లు ఎట్లున్నాయని అడిగాడు. బాగున్నాయన్నాను.

నమోదు 9

శేషమణికి, నాకు పెద్ద గొడవ.

మొదటి అప్పీలు కొట్టేస్తే కంటి విచారణ అడగొచ్చట. గోడ గొంతు కాకుండా కాలేజీ నుంచి మనిషే దిగి వచ్చి చూస్తుంది. ఏ రోజు రావాలో మనమే చెప్పాలి. శేషమణి పోయి మా వంతు రోజు చెప్పింది. సందంతా చాపల మీద కూర్చునే రోజు. వేరే రోజు దొరకలేదా అని అరిచాను. నా పరువు తీయడానికే పుట్టావా అన్నాను. అనకూడని మాట.

అది అరవలేదు. "ఆ పొద్దు అందరూ ఒక్కచోటే ఉంటారు నాయనా," అంది. "ఇంటింటికీ పోయి నువ్వు అడుక్కోవడం నేను చూడలేను. ఒక్కసారే చెప్పు. చెప్పి తీసెయ్ ఆ చెవిలోది."

అవ్వ గడప దగ్గర నేను తిరగాడడం అది చూసిందన్నమాట. నాగరత్నను ఏం వండుదామని అడిగాను. మనం తినేదే అంది.

నమోదు 10

ఫ్యాన్లు కడిగే రోజు. మా వంతు. గాలి బరువుగా ఉంది.

విచారణకు కాలేజీ నుంచి పర్వీన్ మేడమ్ లిఫ్టు దిగి వచ్చింది. పైన ఉండే మనిషి కాబట్టి ముఖం ఎండకు కమిలి ఉంది. ఎక్కడ కూర్చోవాలని అడిగితే శేషమణి వరసలో అవ్వ పక్కన కూర్చోబెట్టింది. కాలేజీ మేడమ్ అని మాత్రం చెప్పింది. పిల్లను చూడ్డానికి వచ్చిన వాళ్లనుకున్నారేమో, ఆడవాళ్లు సర్దుకుని కూర్చున్నారు.

నేను వడ్డించాను. ఒక్కొక్కరికి ఒక ముద్ద సంగటి, చిటికెడు ఊరిబిండి పచ్చడి. అంతే. పాయసం తిన్న నోళ్లు అవి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెంకటసుబ్బయ్య ఇంకా ఏదో వస్తుందని ముద్ద ముట్టకుండా కాసేపు ఆగాడు. ఏమీ రాలేదు. అప్పుడు తినడం మొదలుపెట్టాడు. ఫ్యాన్లు కూడా ఆగి ఉన్నాయి కదా, నమిలే చప్పుడు తప్ప ఇంకేదీ లేదు.

అవ్వ ముందుగా తినేసింది. ఆమెకు ముందే తెలుసు. అయినా అలవాటు కొద్దీనో, నన్ను నిలబెట్టాలనో, పళ్లెం ముందుకు జరిపి మారు వడ్డించమంది. తిన్నవాళ్లు మారు అడగడం వండినవాళ్లకు మర్యాద. నేను గిన్నె ఆమె ముందుకు తెచ్చాను. గిన్నెలో గీకడానికి కూడా ఏమీ లేదు.

"లేదవ్వా," అన్నాను.

ఎవరింటి వంతులోనూ ఆ మాట వినలేదు ఇంతవరకు. లేకపోతే పక్కింటి నుంచి బదులు తెచ్చైనా పెడతారు. నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది. గిన్నె కింద పెట్టి చెవిబిళ్ల తీశాను. ఫ్యాన్ల పని పోయి చాలా కాలమైందని, ప్రమోషన్ ఏమీ లేదని, దీంట్లో ఏమీ వినపడదని, పాయసం కోసం వెలుతురు అమ్ముకున్నానని చెప్పాను. పిల్లను చదివించే స్తోమత నాకు లేదని చెప్పాను. అందరి ముందూ, నా భార్య ముందూ, నా కూతురు ముందూ. మనిషి బట్టలు లేకుండా నిలబడితే ఎట్లుంటుందో అట్లా ఉంది. తల ఎత్తలేకపోయాను.

మేడమ్ వరసలో వాళ్లను అడిగింది, ఇది నిజమేనా అని. ఎవరూ పలకలేదు. అవ్వ ఖాళీ పళ్లెం ఎత్తి మేడమ్ కు చూపించింది. "నేను అన్లేను తల్లీ. నువ్వే చూడు," అంది. మేడమ్ తన పళ్లెంలో మిగిలిన ముద్ద పూర్తిగా తిని, చెయ్యి కడుక్కుని, రాసుకుంది.

నమోదు 12

శేషమణికి ఫీజు సాయం వచ్చింది. పూర్తిగా. గోడ చెప్పగానే నాగరత్న కూలబడి ఏడ్చింది. శేషమణి నా పక్కన కూర్చుని చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది. పరువు మాట అన్నందుకు ఏమీ అనుకోవద్దని అడిగాను. ఎప్పుడో మర్చిపోయానంది. మర్చిపోలేదని నాకు తెలుసు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. సాయంత్రం రాయుడు వచ్చాడు. శేషమణి సంగతి విని సంతోషించాడు. సంతోషించాడనే చెప్పాలి, నా భుజం తట్టాడు. తర్వాత గడపలో కూర్చుని ఎంతసేపటికీ లేవలేదు.

"ఒక మాట అడుగుతా అన్నా," అన్నాడు. "గడువు అయిపోయినాక కూడా అప్పీలు పెట్టొచ్చా?"

ఎవరికి అన్నాను. యామినికి అన్నాడు. పంపుల్లో ఒకటి మూసేశారట. వాళ్లందరికీ సగం జీతమే ఇస్తున్నారట. నా ఉద్యోగం పోకముందు నుంచే. యామినికీ సాయం రాలేదు. అప్పీలు పెట్టాలని అనుకున్నారు. అంతలో నా పాయసం వచ్చింది. పక్కింట్లో పాయసం, మా ఇంట్లో సగం జీతం, ఈ సందులో దిగజారింది మేమొక్కరమే అనుకున్నాం అన్నా, అన్నాడు. తర్వాతి వారం వాళ్ల వంతు. భార్య గాజులు అమ్మి ఓళిగలు చేశారు. ఓళిగలు పెట్టిన చేత్తో అప్పీలు ఎట్లా పెడతాం అని ఇంట్లో అందరూ ఊరుకున్నారు. గడువు దాటింది. ఎండ భయమనే మాట ఆ పిల్లే కల్పించింది, తల్లిదండ్రుల మీద మాట రాకుండా.

ఆ పిల్లను మొద్దని నవ్వింది నేను. రాయుడు అదేమీ ఎత్తలేదు. అతను నన్ను తిట్టి ఉంటే కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ని. ఈ సిగ్గు ముందు మొన్న చాపల ముందు పడ్డ సిగ్గు ఏపాటిది.

నమోదు 13

మొదటిసారి పై ఆఫీసుకు వెళ్లాను. రాయుణ్ని వెంటబెట్టుకుని. వాడు రానన్నాడు, చెయ్యి పట్టి లాక్కుపోయాను. పైన వెలుతురుకు కళ్లు తెరవలేక గోడ పట్టుకుని నడిచాం.

పర్వీన్ మేడమ్ నన్ను గుర్తుపట్టింది. కూర్చోమంది. యామిని సంగతి అంతా వింది. సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట, లిఫ్టు పోయే రోజు దాకా ఉంటుందట. కానీ గడువు దాటిన అప్పీలు తీసుకోవాలంటే ఆలస్యానికి తగిన కారణం ఉండాలంది. జబ్బు చేయడం, ఇంట్లో చావు, లిఫ్టు చెడిపోవడం, ఇట్లాంటివి. అదీగాక, ఆ కారణాన్ని ఊళ్లో అన్ని సందుల గోడల్లోనూ చదివి వినిపిస్తారట. అబద్ధమైతే ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి.

రాయుణ్ని చూసింది. ఏం చెబుతాడు? సిగ్గుపడ్డాం అని ఊరంతా చదివించుకుంటాడా? లేచి వెళ్లిపోవడానికి కుర్చీ వెనక్కి జరిపాడు. నేను వాడి మోకాలి మీద చెయ్యి వేసి ఆపాను.

"కారణం నేను మేడమ్," అన్నాను. "పని పోయిన సంగతి దాచి, కలిగినోని మాదిరి పాయసం పెట్టినా. ఆ పై వారం వంతు వీళ్లది."

వంతు భోజనంలో మా సంగటి తిన్న మనిషి ఆమె. ఇంకేమీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"ఈ కారణం చెల్లుతుందో లేదో నేనొక్కదాన్ని చెప్పలేను. పెద్దవాళ్ల ముందు పెడతాను," అంది. "గోడల్లో చదివేటప్పుడు మీ పేరు లేకుండా 'ఒక పొరుగువాడు' అని రాయమంటారా?"

రాయుడు అవునని తల ఊపబోయాడు.

"వద్దు మేడమ్," అన్నాను. "ఏడో సందు ఓబులేసు అని రాయండి. పేరు లేకపోతే జనం రాయుడు సాకు చెప్తాండాడనుకుంటారు."